ఉతకకూడని చీర

పోయిన ఆదివారం ప్రొద్దుటూరులో మా చర్చి స్త్రీల సమాజం వాళ్లు ఆరాధన అయిపోయాక ఒక మీటింగు పెట్టారు. కరువొచ్చినా, రోగమొచ్చినా పాడి కొట్టాలు తట్టుకొని నిలబడాలంటే ఏం చేయాలో చెప్పడానికి కడప నుంచి ఒక మేడమ్ వచ్చింది. ఏనాడూ పశువు తోక కూడా పట్టుకోని నాబోటి రిటైరైన టీచర్లకు అక్కడ పనేమీ లేదు. కానీ చివర్లో టీ, సమోసా ఉన్నాయని మా సెక్రటరీ ముందే చెప్పి ఉంచింది కాబట్టి ఎవరమూ కదల్లేదు. మేడమ్ గోడ మీద బొమ్మలు వేసి చాలాసేపు చెప్పింది. మంచి మనిషి, ఓపికస్తురాలు. ఆఖర్న మా వైపు తిరిగి, పాడిని దెబ్బతీసేవి ఏమేమిటో ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పమంది. కరువు అన్నారొకరు. మేత కొరత అన్నారు, గాలికుంటు అన్నారు, దాణా ధర అన్నారు. నా వంతు వచ్చేసరికి నాలుక చివరిదాకా వచ్చిన మాట 'సబ్బు'. అది గనక బయటికి అనుంటే సమోసా సంగతి అటుంచి, మా ఇంటికి కబురు పెట్టి నన్ను ఆటోలో ఎక్కించి ఉండేవాళ్లు. 'ఎండలు' అని చెప్పి కూర్చున్నాను. ఇంటికి వచ్చి ట్రంకుపెట్టె తీసేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. ఆ పెట్టెలో మా మేనత్త పట్టుచీర ఉంది.

మా మేనత్తను జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే దారిలో ఒక పల్లెకు ఇచ్చారు. మా నాయన తరఫువాళ్లంతా మిషను బడుల్లో చదువుకొని సుద్దముక్కలు పట్టినవాళ్లే. అత్త ఒక్కతే పలుపు పట్టింది. మామ వాళ్లది సేద్యం ఇల్లు. నల్లరేగడిలో జొన్న, పప్పుశనగ వేసేవాళ్లు. పండిన ఏడు పండేది, పండని ఏడు మామ ఎత్తరుగు మీద కూర్చుని మీసం దువ్వుకుంటూ మబ్బుల్ని తిట్టేవాడు. ఇల్లు నడిచింది మాత్రం ఎనుముల మీదే. పుస్తకాల్లో గేదె అంటారు. నేనూ బడిలో పిల్లల చేత గేదె అనే రాయించాను గానీ, అత్త కొట్టంలో నిలబడితే ఆ మాట నాకే అబద్ధంలాగా ఉండేది. నల్లగా నిగనిగలాడుతూ, నెమరేస్తూ, వచ్చినవాళ్లను తలకాయ తిప్పి నిదానంగా చూసే ఆ ప్రాణులు ఎనుములే, ఇంకేవీ కావు. అత్త వాటికి పేర్లు పెట్టలేదు. బైబిల్లో పేర్లు గొడ్లకు పెట్టకూడదని ఆమెకొక పట్టింపు, వేరే పేర్లు పెట్టడం ఇష్టం లేదు. అందుకని పెద్దది, బొల్లిది, మొండిది, పెద్దదాని కూతురు అని పిలిచేది. అవి అట్లాగే పలికేవి.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో వరసగా వానలు మొహం చాటేశాయి. మైలవరం జలాశయం అడుగున బురద నెర్రెలిచ్చింది. గడ్డి మోపు కోసం మామ పులివెందుల అవతలిదాకా పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. చివరికి సగం ఎనుముల్ని సంతకు తోలారు. వాటిని లారీ ఎక్కించేటప్పుడు అత్త కొట్టంలోంచి బయటికి రాలేదట. కుడితి తొట్టిని అదే పనిగా తోముతూ కూర్చుందట. ఆ తర్వాత నేను పలకరించడానికి పోతే ఏడవలేదు. "ఇంగొకసారి ఇట్ల జరగనీను పాపా" అంది. నాకప్పటికే తల నెరుస్తోంది, అయినా నేను ఆమెకు పాపనే.

అన్నమాట నిలబెట్టుకుంది. యాడ పశువుల మీటింగు జరిగినా పోయి ముందు వరసలో కూర్చునేది. పచ్చి జొన్నసొప్పను ముక్కలు కొట్టి, గుంటలో తొక్కించి, పైన పట్ట కప్పి మట్టితో మూసేస్తే నెలల తరబడి చెడదని విని వచ్చింది. ఆమె పెరట్లో గుంట తవ్విస్తుంటే ఊరంతా వచ్చి చూసింది. పచ్చిమేతను పూడ్చిపెట్టడం ఏందని నవ్వినవాళ్లే ఎక్కువ. అందులో మామ కూడా ఉన్నాడు. ఆ ఎండాకాలం మూత తీసినప్పుడు పులిసిన పండు వాసన గుప్పుమంది, ఎనుములు తలుగులు తెంపుకునేంత పని చేశాయి. అత్త దానికి 'గొడ్ల ఊరగాయ' అని పేరు పెట్టింది. మేము మామిడికాయ జాడీల్ని ఎంత భద్రంగా చూసుకుంటామో ఆమె ఆ గుంటను అంత భద్రంగా చూసుకునేది. తడిచెయ్యి పెట్టనిచ్చేది కాదు. బోరు నీళ్లు పారే చెక్కలో ఏపుగా పెరిగే గడ్డి నాటించింది. కొట్టం రేకుల మీద చల్లదనానికి బోదగడ్డి కప్పించింది. ప్రతి గొడ్డుకూ ఇన్సూరెన్సు కట్టించి చెవిపోగు వేయించింది. ఆ పసుపు చెవిపోగుల్ని చూసి మామ, "నీకు కమ్మలు చేపియ్యలేకపోతిని, వీటికన్నా ఏపిచ్చినావు" అన్నాడని ఆమే చెప్పి నవ్వుకుంది. తర్వాత మళ్లీ ఎండలొచ్చాయి, ఊళ్లో చాలా కొట్టాలు ఖాళీ అయ్యాయి, అత్త కొట్టంలో ఒక్క తలుగు కూడా ఊడలేదు.

అన్నీ చూసుకుంది. ఒక్కటి మాత్రం ఆమెకు తట్టలేదు, మాకూ తట్టలేదు. ఆ ఎనుములు ఆమె చేతికి తప్ప ఇంకెవరి చేతికీ చేపేవి కావు. పొదుగులో ఎన్ని పాలున్నా గొడ్డు తనకు తానుగా వదిలితేనే చన్నుల్లోకి దిగుతాయి, ఆ వదలడాన్నే చేపడం అంటారు. అది పశువు ఇష్టం. అత్త తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాత నూలుచీర కట్టుకొని కొట్టంలోకి పోయి, దూడను విడిచి, మళ్లీ కట్టేసి, పొదుగు కింద కూర్చుని చర్చిలో పాడే పాట ఏదో ముక్కులోనే పాడుకునేది. చర్చిలో ఆమె గొంతు ఎవరికీ వినబడేది కాదు. కొట్టంలో మాత్రం ఎనుములు చెవులు వెనక్కి వాల్చి వినేవి. పాట రెండో చరణానికి వచ్చేసరికి చెంబులో ధార మోగేది. ఆ పనికి కట్టుకునే చీర ఒక్కటే. ఒకప్పుడు ముదురు ఆకుపచ్చ, తర్వాత ఏ రంగో చెప్పలేము. చీర అంచునిండా పేడ, చెక్కపిండి, నురగ, చెమట. పని కాగానే విప్పి కొట్టంలో మేకుకు తగిలించేది. దాన్ని ఉతకడం నేనెప్పుడూ చూడలేదు. వాన పడినప్పుడు దానంతటది తడిస్తే తడిసినట్టు.

సాయంత్రం పిండే వేళకు ఇల్లు చేరాలి కాబట్టి అత్త ఏ పెళ్లిలోనూ భోజనం దాకా ఉన్నది లేదు. మా అమ్మాయి పెళ్లికి ప్రొద్దుటూరు వచ్చింది. పట్టుచీర, తలలో కనకాంబరాలు, మొహానికి పౌడరు. పాస్టరు గారు ప్రసంగం మొదలుపెట్టి ఆదాము హవ్వల దగ్గర ఆగిపోతే, అత్త గోడ గడియారం వైపు చూడటం మొదలుపెట్టింది. ఉంగరాలు మార్చుకోగానే నా చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి లాక్కుపోయి, పట్టుచీర విప్పేసి మామూలు చీర కట్టుకుంది. బస్సులో పట్టు నలుగుతుందట. నాకు కోపం వచ్చింది. మామ ఒక్కపూట పిండలేడా, కోడలు లేదా, ఎప్పుడన్నా నువ్వు జబ్బు పడితే ఎవరు చూస్తారు అని గట్టిగానే అడిగాను. "నేను యాడికి పోతా పాపా? ఈడ్నే ఉంటా గదా" అంది. బిర్యానీ డేగిసా మూత తీయకముందే జమ్మలమడుగు బస్సెక్కింది. పట్టుచీర మళ్లీ వచ్చినప్పుడు తీసుకుంటానని నా దగ్గరే వదిలిపోయింది.

మళ్లీ రాలేదు. ఆ వానాకాలం ఒక ఉదయం గుండెలో నొప్పి అంటూ గడ్డి చెక్కలో కూలబడింది. ఆసుపత్రికి తెచ్చేలోపలే అయిపోయింది. ఆ సాయంత్రమే సమాధుల తోటలో పని ముగించుకొని అందరం ఇంటికి తిరిగి వస్తుంటే వీధి మొదట్లోనే అరుపులు వినబడ్డాయి. పొద్దున్నుంచి ఎవరూ పిండక పొదుగులు బిర్రబిగిసి ఎనుములన్నీ ఒక్కటే అరవడం. చావింట్లో మనుషుల ఏడుపు ఎవరైనా ఆపుతారు, వాటిని ఎవరు ఆపుతారు. మామ నల్ల అంచు పంచె మోకాళ్ల పైకి కట్టి చెంబు తీసుకుపోయి కూర్చున్నాడు. మొండిది ఒక్క తన్ను తన్నింది. కొడుకు కూర్చున్నాడు. అతను సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, వాటికి కొత్త. కోడలు కూర్చుంది. పులివెందుల పిల్ల, పుట్టింట్లో జెర్సీ ఆవుల్ని పిండిన చెయ్యే, కానీ పెద్దది ఆమెను వాసన చూసి మొహం పక్కకు తిప్పుకుంది. నాలుగు చుక్కలు రాలలేదు. పాల సెంటరు అబ్బాయి కూడా చావుకు వచ్చి ఉన్నాడు. అతనే మామను పక్కకు పిలిచి, "ఒక సూది ఏస్తే ఐపాయ మామా. ధారగా చేపుతాయి" అన్నాడు. మామ తల అడ్డంగా ఊపాడు. "ఆయమ్మ ఉన్నన్నాళ్లు ఈ కొట్టంలోకి ఆ సూది రానీలా. మన్నేసి ఒక పూట కూడా కాలా. నేనెట్ల తెస్తా?"

పక్కింటి సాయిబుల అవ్వ అప్పటిదాకా గోడకు ఆనుకుని తస్బీ పూసలు తిప్పుతూ ఉంది. అత్తకు ఆమె జతగత్తె, సాయంత్రాలు ఇద్దరూ ఒకే తమలపాకు చీల్చుకునేవాళ్లు. ఆమె లేచి వచ్చి మేకుకున్న చీర వైపు వేలు చూపించింది. "అది కట్టుకోని కూచో అప్పా. గొడ్డుకు మన మొగాలు యాడ గుర్తుంటాయి, వాసనే గుర్తు" అంది.

ఊళ్లోకెల్లా పెద్ద మీసం మామది. చర్చిలో పెద్దల బెంచీ మీద కూర్చునేవాడు. ఆయన అందరి ముందు ఆ పాత చీరను పంచె మీద చుట్టుకొని, కొంగు తల మీదికి లాక్కొని పొదుగు కింద కూర్చున్నాడు. కుచ్చెళ్లు పోయడం రాక కోడలే వంగి దోపింది. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే నిలవలేనంత ఏడుపొచ్చింది. చావుకు వచ్చిన జనంలో ఒక్కరు కూడా నవ్వలేదు. పెద్దది మెడ తిప్పి కొంగును చాలాసేపు వాసన చూసింది. మామకు పాట రాదు. గొంతులో ఏదో రాగం లాంటిది తీశాడు, ఏ పాటో ఆయనకే తెలియదు. కాసేపటికి చెంబులో ధార మోగింది. అందరం ఊపిరి వదిలాం. మామ మాత్రం కొంగును మొహం మీదికి ఇంకా లాక్కొని పిండుతూనే ఉన్నాడు.

అప్పటినుంచి రెండు పూటలా అదే వరస. నేను పోయినప్పుడల్లా చూసేదాన్ని. మీసాల మీద నుంచి కొంగు కప్పుకొని, ముక్కుతో రాగం తీస్తూ ఆయన పాలు పిండేవాడు. పాలవ్యాను డ్రైవరు కూడా అలవాటు పడిపోయాడు. పాలు కొంచెం తగ్గాయి గానీ కొట్టం నిలబడింది. ఒకసారి నాతో, "ఈ చీరలో ఉన్నంతసేపు ఆయమ్మ ఈడ్నే ఉన్నట్టుంటాది పాపా. గొడ్లకే కాదులే" అన్నాడు. అంతకుమించి చెప్పడం ఆయనకు చేతకాదు. ఆ చీర పోతే ఈ కొట్టం పోతుందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ చీర పోవడమంటే మేము అనుకున్నది చినిగిపోవడం.

ఏడాది తిరగకముందే జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. పాస్టరు గారు, పులివెందుల బంధువులు, ప్రొద్దుటూరు నుంచి మేము, అందరం వస్తున్నాం. కోడలు శుభ్రం మనిషి. ఆ పిల్ల కడిగిన గిన్నెలో మొహం చూసుకోవచ్చు. కూడికకు ముందురోజు గోడలకు సున్నం కొట్టింది, దుప్పట్లు ఉడకబెట్టింది, కొట్టం కూడా కడిగించింది. మేకుకు వేలాడుతున్న చీర కళ్లబడింది. గొడ్లు ఈపాటికి మామ చేతికి మరిగి ఉంటాయనుకుంది, అవ్వ అన్న వాసన మాట ఆమెకు తట్టలేదు. అత్త బతికి ఉన్నప్పుడు ఆమెను ఒక్క మాట ఎదురనని పిల్ల. నానబెట్టి, సబ్బు పెట్టి, బండ మీద బాది, మూడు నీళ్లు మార్చి, ఎండలో ఆరేసింది. ఏళ్ల మురికి పోయి లోపలి ఆకుపచ్చ బయటపడిందట. దాన్ని మడతలు పెట్టి, అత్త ఫోటో ముందు బల్ల మీద పెట్టి, పైన ఒక గులాబీ ఉంచింది. ఆమె వరకు అది అత్తకు చేసిన మర్యాద.

నేను ఆ సాయంత్రమే చేరుకున్నాను. మామ పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, చీర కోసం మేకు దగ్గరికి పోయి, అక్కడ లేకపోతే ఇంట్లోకి వచ్చాడు. బల్ల మీద చూశాడు. చీర చేతిలోకి తీసుకొని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కోడలు గుమ్మంలో నిలబడి సంతోషంగా చూస్తోంది. ఆయన ఆ పిల్ల మొహంలోకి చూసి, "శానా బాగ ఉతికినావమ్మా" అన్నాడు. ఆ మాట అన్న గొంతు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఆయన ఆ చీర కట్టుకొనే కొట్టంలోకి పోయాడు. పెద్దది మెడ తిప్పింది, కొంగు వాసన చూసింది, మళ్లీ చూసింది. తర్వాత మేత మానేసి గోడ వైపు తిరిగి నిలబడింది. మామ ముక్కుతో రాగం తీస్తూనే ఉన్నాడు. బొల్లిది తన్నింది. దీపాలు పెట్టేవేళ దాకా కూర్చుని ఉత్త చెంబుతో బయటికి వచ్చాడు. అప్పటికి గానీ కోడలికి తాను ఏం చేసిందో అర్థం కాలేదు. "పేడ మురికితో అట్ల యాలాడతాంటే మనసొప్పలా అక్కా. అత్తమ్మ చీర గదా" అని నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. ఆ పిల్ల తల నిమిరాను. నేనైనా ఉతికి ఉండేదాన్నేమో.

నాకు పట్టుచీర గుర్తొచ్చింది. మర్నాడు కూడికకు మా ఆయన, అమ్మాయి ఎలాగూ వస్తున్నారు కాబట్టి పెట్టెలోంచి దాన్ని తెమ్మని ఫోన్ చేశాను. పాస్టరు గారి ప్రార్థన కాగానే మామ దాన్ని పంచె మీద చుట్టుకున్నాడు. జరీ అంచు పేడలో ఈడ్చుకుంటూ కొట్టంలోకి పోయాడు. ఎనుములు బెదిరిపోయాయి. ఆ చీరలో ఉన్నది పౌడరు, కనకాంబరం, కలరా ఉండలు. మేము పండగలకూ పెళ్లిళ్లకూ చూసిన అత్త అది. వాటికి ఆ మనిషి ఎవరో తెలియదు. నేను తడిగుడ్డతో జరీ అంచు తుడిచి, చీరను మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాను.

కోడలు ఊరుకోలేదు. ఉతికిన చీరను తానే కట్టుకొని పేడ ఎత్తింది, కుడితి కలిపింది, ఎండలో గడ్డి కోసింది, పోయిన వాసన తిరిగి తేవాలని చూసింది. వాసన వచ్చింది. అది ఆ పిల్ల వాసన. ఈలోపల పాలు లోపలే నిలిచి మొండిదానికి పొదుగువాపు వచ్చింది, డాక్టరు వచ్చి మందులిచ్చినా ఒక చన్ను పోయింది. మిగతావి ఒకదాని వెనుక ఒకటి వట్టిపోయాయి. పాల సెంటరు అబ్బాయి మళ్లీ సూది మాట ఎత్తలేదు. ఒక ఉదయం మామే లారీని పిలిపించాడు. ఎనుముల్ని ఎక్కిస్తున్నంతసేపూ ఆయన కుడితి తొట్టి దగ్గర కూర్చుని దాన్ని తోముతూ ఉన్నాడు. అత్త గురించి విన్నది ఆ రోజు నేను కళ్లారా చూశాను.

ఎండాకాలం వచ్చాక పెరట్లో గుంట మూత తీశారు. అత్త ఆఖరుగా తొక్కించిన సొప్ప చెక్కు చెదరలేదు, అదే పండు వాసన. కరువొస్తే ఉంటుందని ఆమె దాచిన మేత అంతా ఉంది, తినే నోళ్లు లేవు. బండ్లు కట్టుకుని ఇరుగుపొరుగు తీసుకుపోయారు. సాయిబుల అవ్వ తన మేకల కోసం ఒక గంపెడు ఎత్తుకుంది, గుంట గట్టు మీద కాసేపు కూర్చుని పోయింది.

ఇప్పుడు ఆ కొట్టంలో కోడలు పుట్టింటి నుంచి తోలుకొచ్చిన ఆవులున్నాయి. వాటిని ఒకరోజు తాను పిండుతుంది, ఒకరోజు మొగుడి చేత పిండిస్తుంది, ఎప్పుడైనా పక్కింటివాళ్లను కూడా పిలుస్తుంది. వాళ్లింటికి పోతే నన్ను కూడా బలవంతంగా కూర్చోబెట్టింది. నాకు చెంబులోకంటే కాళ్ల మీదే ఎక్కువ పడ్డాయి. "ఒక్కరి చేతికి మరిగించగూడదక్కా" అంటుంది. పాట పాడదు, పని చీర వారానికోసారి ఉతుకుతుంది, మేకుకు ఏమీ తగిలించదు. గుంట మళ్లీ నింపింది. మేడమ్ చూస్తే మెచ్చుకునేది. కొట్టం నిలబడినట్టే. మామ మాత్రం ఆ వైపు పోడు. ఎత్తరుగు మీద కొట్టానికి వీపు పెట్టి కూర్చుంటాడు, మీసం దువ్వుకోవడం కూడా మానేశాడు.

మీటింగు నుంచి వచ్చి పెట్టె తీశానని చెప్పాను కదా. చీర మడత విప్పి, మామ చేసినట్టే మొహానికి పెట్టుకున్నాను. దీన్ని నేను ఇంతవరకు నీళ్లలో పెట్టలేదు, మామ కట్టుకున్న ఆ ఒక్కరోజు తప్ప ఎవరినీ ముట్టనివ్వలేదు. మా అమ్మాయి పెళ్లినాటి పౌడరు వాసన గానీ, కనకాంబరాల జాడ గానీ, పక్క గదిలో తొందర తొందరగా చీర మార్చుకున్న అత్త చెమట గానీ అందులో ఏమీ మిగల్లేదు. ఆ పిల్ల సబ్బుతో ఒక్క పూటలో చేసిన పని, నా పెట్టెలో కాలం మెల్లగా చేసుకుంటూ వచ్చింది.